జిరాక్సులో పడని గీతలు

బోటనీ మూడో సంవత్సరం క్లాసులో నలభై అయిదు మంది. అందరి చేతిరాతలూ ఆ అమ్మాయికి తెలుసు. ఎవరు అక్షరాల్ని వెనక్కి వాలుస్తారో, ఎవరు తప్పు రాసినచోట పువ్వు గీసి కప్పెడతారో, ఎవరు పేజీ మధ్యలో కునుకు తీశారో కాగితం చూసి చెప్పేస్తుంది. ఆమె పేరు చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఆ క్లాసులో ఒక్కరూ లేరు.

అందులో వింతేమీ లేదు. పొద్దున చివరి బెంచీలో కూర్చుని, పన్నెండున్నర గంట కొట్టగానే సంచీ భుజాన వేసుకుని పరిగెత్తే మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కాలేజీ గేటుకి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ఆమెకి ఒంటిగంట నుంచి ఏడింటి దాకా పని. స్నేహాలు కుదిరేది మధ్యాహ్నం లాబుల్లోనూ, లాబు ఎగ్గొట్టి తాగే టీల దగ్గరా. ఆమెకి రెండూ లేవు. పనిచేస్తూ చదువుకునేవాళ్ళని ఆకాశానికెత్తే ఉపన్యాసం ఏటా కాలేజీ వార్షికోత్సవంలో ఉంటుంది. అది మధ్యాహ్నంపూట కాబట్టి ఆమె ఎప్పుడూ వినలేదు.

గది సైకిల్ షాపు మీద. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ చేతికందుతుంది. అమ్మ వేరే ఊళ్ళో చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు ఇస్త్రీ చేస్తుంది. రోజూ సాయంత్రం ఆరింటికి ఫ్యాక్టరీ బస్సెక్కగానే ఫోన్ చేస్తుంది.

"తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఎవరితో తిన్నావే?"

మొదటి ప్రశ్నకి నిజం చెప్పడం తేలిక. రెండో ప్రశ్న కోసం ఆమె మొదటి సంవత్సరంలోనే ఒక స్నేహితురాల్ని తయారుచేసుకుంది. పూర్తిగా కల్పించే ఓపిక లేక, క్లాసులో ఫస్టొచ్చే అమ్మాయినే అరువు తెచ్చుకుంది. రాత ముత్యాల్లా ఉంటుందని అందరూ ఆ పిల్లని ముత్యాలు అనేవాళ్ళు. రెండున్నరేళ్ళుగా అమ్మ దృష్టిలో ముత్యాలూ తన కూతురూ ఒకే బాక్సులో తింటున్నారు. అసలు ముత్యాలు ఈమెతో అన్న మాటలు మొత్తం అయిదు: "బ్యాక్ టు బ్యాక్", "పిన్ను వద్దు". అవి కూడా ఫోన్లోంచి తలెత్తకుండా.

ఆ వారం నోటీసు బోర్డు మీద కాగితం పడింది. ప్రాజెక్టుకి ఇద్దరికి తక్కువ కాకుండా, నలుగురికి మించకుండా గ్రూపులు కట్టి శుక్రవారం అయిదింటిలోగా పేర్లివ్వాలి. గ్రూపు లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే ఈ ఏడు డిగ్రీ లేదు. సోమవారం ఆమె రెండు గ్రూపుల్ని అడిగింది.

"అయ్యో, మాది నిండిపోయిందే," అంది ఒకమ్మాయి, మర్యాదగానే. నాలుగడుగులు వేశాక పక్కనున్నవాణ్ణి అడగడం వినిపించింది. "ఎవర్రా ఆ పిల్ల? జూనియరా?"

ఆ మధ్యాహ్నమే ముత్యాలు నోట్సు షాపుకొచ్చింది. బుధవారం యూనిట్ టెస్టు. ఆ షాపులో పద్ధతి ఏమిటంటే, నోట్సు ఇచ్చినవాళ్ళకి అసలు కాగితాలు వెంటనే తిరిగిచ్చేసి, ఒక కాపీ మాత్రం కాలేజీ పేరు రాసిన అట్టపెట్టెలో ఉంచుకుంటారు. దాన్ని మదర్ కాపీ అంటారు. ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా పిల్లలన్నీ ఆ తల్లికి పుట్టాల్సిందే.

ముత్యాలు వెళ్ళిపోయాక చూస్తే తొమ్మిదో పేజీలో ఆకు అడ్డుకోత బొమ్మ పడింది గానీ, ఈనె దగ్గర రెండు బాణాల పక్కన ఏమీ లేదు. ముత్యాలు అక్కడ పేర్లు సన్నటి పెన్సిల్‌తో రాసుకుంది. లేత పెన్సిల్ గీతలు ఆ ముసలి మిషను కంటికి ఆనవు.

షాపు ఓనరుని ఆమె బాబాయ్ అంటుంది, చుట్టమేమీ కాదు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: కాగితం చూడు, రాసింది చూడకు. ఆమె చూసింది. ఒక బాణం దారువుది, నీళ్ళు తెచ్చేది. రెండోది పోషక కణజాలానిది, తయారైన ఆహారాన్ని మోసుకుపోయేది. ఏది పైన, ఏది కింద? కాండంలో పోషక కణజాలం బయటివైపు ఉంటుందని పుస్తకంలో చదివింది. ఆకుకి పైభాగమే బయటివైపు కదా అనుకుంది. పోషక కణజాలం పైన, దారువు కింద అని నల్ల పెన్నుతో రాసేసింది. రాసింది తన రాతతో కాదు, అచ్చం ముత్యాలు రాతతో. వేరే రాతైతే పేజీ అసహ్యంగా ఉంటుందని.

రెండు రోజుల్లో నలభై మూడు కాపీలు వెళ్ళాయి.

గురువారం బోటనీ మేడం పేపర్ల కట్టతో క్లాసులోకొచ్చింది.

"ఆకుని తలకిందులు చేశారు! ఒకరూ ఇద్దరూ కాదు, నలభై నాలుగు మంది. ఒప్పు రాసింది ఒక్కరు." ముత్యాలు వైపు చూసింది. "ఏమ్మా, అందరూ నీ నోట్సే చదివామంటున్నారు. నీకు మాత్రం ఒప్పెలా వచ్చింది?"

"నాకు తెలీదు మేడం. నేను కరెక్టుగానే రాసిచ్చాను."

"ఇదిగో, నీ రాతే కదా!" వెనక నుంచి ఒకడు కాపీ పైకెత్తి ఊపాడు. "తనకొక వంట, మనకొక వంట!"

ముత్యాలు కాగితం తీసుకుని చూసింది. తన రాత. తను రాయని మాటలు. పక్కనున్న ఆమె గ్రూపువాళ్ళు పుస్తకాలు సర్దుకుంటున్నట్టుగా కొంచెం పక్కకి జరిగారు. "మా లిస్టులోంచి నీ పేరు తీసేస్తున్నాం," అంది ఒకామె, మేడంకి వినపడకుండా, క్లాసంతటికీ వినపడేలా.

చివరి బెంచీలో ఈ అమ్మాయి లెక్క వేసుకుంది. ఊరుకుంటే రేపటిలోగా ఏదో ఒక గ్రూపు దయతలుస్తుందేమో. లేస్తే ఆ ఆశకి నీళ్ళొదులుకోవాలి. పక్కకి జరిగిన ఆ బెత్తెడు జాగా మాత్రం ఆమెకి బాగా తెలిసిన జాగా. రెండున్నరేళ్ళుగా తన పక్కన ఉన్నది అదే.

లేచింది.

"మేడం, ఆ పేర్లు నేను రాశానండి. కాపీలో పడలేదని."

మేడం కళ్ళజోడు సవరించుకుంది. "నువ్వెవరమ్మా?"

"ఈ క్లాసేనండి."

"ఒరేయ్, జిరాక్స్ అమ్మాయిరా!" అన్నారెవరో. "మన క్లాసా?"

"లాబ్‌లో ఒక్కసారి మైక్రోస్కోపులో చూసుంటే తెలిసేది కదా, దారువే పైనుంటుందని," అంది మేడం.

"మధ్యాహ్నం లాబ్‌కి రాలేనండి. పని."

మేడం మిగతా క్లాసు వైపు తిరిగింది. "ఈవిడ చూడలేదు, తప్పు రాసింది. మీరంతా కళ్ళారా చూసి, బొమ్మ గీసి, నా చేత సంతకం పెట్టించుకుని, చివరికి జిరాక్సుని నమ్మారు! మిమ్మల్నేమనాలి?"

ఏమీ అనకుండా, అందరికీ రెండేసి మార్కులు కోసింది. ఆ కోపం ఎవరి మీదకి మళ్ళిందో చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి మెట్లు దిగుతుంటే నలభై మంది దారిచ్చారు, గౌరవంతో కాదు.

షాపులో బాబాయ్ చెవికి వార్త ముందే చేరింది.

"రాసింది చూడకన్నానా లేదా? రేపు డాక్టరు చీటీ తెస్తే మందు మార్చేస్తావా?"

"లేదు బాబాయ్."

"ఖాళీ ఉంటే ఖాళీగా ఉండనివ్వాలి తల్లీ. నీకెందుకూ?" అని మిషను తలుపు దబ్బున మూశాడు. కాసేపటికి, "ఆ పెన్ను డ్రాయర్లో పెట్టు," అన్నాడు. పని ఊడలేదన్నట్టే లెక్క.

శుక్రవారం క్లాసులో ఎవరూ ఏమీ అనలేదు. అది మామూలే, కాకపోతే ఇప్పుడు కావాలని అనలేదు. మధ్యాహ్నం నుంచి ఆమె గోడ గడియారం చూడకుండా కాగితాలు పేర్చింది. పావుతక్కువ అయిదింటికి కౌంటరు మీద నీడ పడింది. ముత్యాలు. ఫోను చేతిలో లేదు.

"నా రాత అంత బాగా ఎలా రాశావ్?"

"రెండున్నరేళ్ళ నుంచి చూస్తున్నా కదా."

"మా అమ్మ కూడా పోల్చుకోలేకపోయింది, తెలుసా? నిన్నంతా ఏడ్చాను నీ వల్ల."

"సారీ."

"సారీ ఎందుకూ, బుర్ర వాడొచ్చుగా. ఒక్కమాట నన్నడిగితే పోయేది కదా!"

"ఎలా అడగను? నువ్వెప్పుడూ తలెత్తవు."

ముత్యాలు కాగితం ఒకటి కౌంటరు మీద పెట్టింది. పైన ప్రాజెక్టు గ్రూపు అని ఉంది. కింద ఒకే పేరు. "వాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. నేను పోను. నీ పేరు చెప్పు, తొందరగా, పది నిమిషాలే ఉంది."

చెప్పింది.

"ఇంటిపేరు?"

అదీ చెప్పింది. ముత్యాలు రాసుకుంది, ఈసారి పెన్నుతో. "ఇదేం స్నేహం కాదు, ఇంకా కోపంగానే ఉంది నాకు. ఒక్కరోజు లాబ్‌కి రా. ముందు ఆ ఆకు చూద్దువుగాని." రోడ్డు దాటి గేటులోకి పరిగెత్తింది.

ఆరింటికి ఫోను మోగింది. వెనక బస్సు రొద.

"తిన్నావా? ఎలా ఉందే నీ స్నేహితురాలు?"

"ఇవాళ నాతో మాట్లాడిందమ్మా."



"ఇవాళా?" అంది అమ్మ.