ఇనిపించిందా, అనిపించిందా

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. ములింగార్ దగ్గర చెరువులో మొసలిని చూశానని నేను చెప్పగా నమ్మి నవ్వులపాలైన మిత్రులు కూడా ఈసారికి నమ్మవచ్చు.

మొన్న కార్క్‌లో లా చదువుతున్న మా అమ్మాయి, పరీక్షకు బట్టీ పడుతూ ఒక సంగతి చెప్పింది. మతి తప్పి నేరం చేసినవాణ్ణి పూర్వం మేము వలస వచ్చిన ఈ దేశపు కోర్టులు "దోషే, కానీ పిచ్చివాడు" అనేవట, ఇప్పుడు "పిచ్చి వల్ల నిర్దోషి" అంటున్నాయట. "సేమ్ హాస్పిటల్ ఎనీవే, డాడ్," అని పేజీ తిప్పేసింది.

చట్టంలో ఆ మాట మారకముందు, మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, సెలవు దొరికినప్పుడు మనవాళ్ళకు దుబాసీగా వెళ్ళేవాణ్ణి. ఇంటి ఓనరు తల మీద ఇనుప పెనంతో కొట్టిన ఎమ్మెస్సీ విద్యార్థి ఒకడు, ఇంగ్లిష్ బాగా వచ్చినవాడే, అరెస్టయ్యాక తెలుగు తప్ప మరో మాట పలకడం మానేశాడు. కోపంతో కొట్టాడా, జబ్బుతో కొట్టాడా అని తేల్చడానికి మానసిక వైద్యుడు వచ్చాడు, మాట అందించడానికి నన్ను పిలిచారు. జైలా, ఆసుపత్రా అన్నది ఆ గంట మీద ఆధారపడి ఉంది.

గది బయట అతని అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, జెర చూసి చెప్పు. ఎట్లైనా దోషే అంటరట. దానిమీద పిచ్చోడని ముద్ర గూడనా? జైలైతే లెక్కుంటది. ఆ దవాఖానల పడ్డోడు ఎప్పుడొస్తడో ఎవనికెర్క?"

లోపల డాక్టరు, ఎందుకు కొట్టావని అడిగాడు.

"ఓనర్ నన్ను సంపుతడని ఇనిపించింది, అంకుల్," అన్నాడు ఆ అబ్బాయి, నా వైపే చూస్తూ.

నా చెవికది "అనిపించింది" అని పడింది. అలాగే ఇంగ్లిష్‌లో చెప్పాను. ఎవరో అతని చెవిలో పలికిన మాట కాస్తా ఉత్త అనుమానమైపోయింది. డాక్టరు రాసుకున్నాడు. గొంతులేమైనా వినిపిస్తాయా అని మళ్ళీ అడిగితే అతను తల వంచుకున్నాడు, ఇక నోరు విప్పలేదు.

జైలుశిక్ష పడింది. రెండో ఏట, ఆ గొంతులు భరించలేక, రొట్టె నలిపి ముద్దలు చేసి చెవుల్లో కుక్కుకున్నాడు. చీము పట్టి ఒళ్ళు కాలిపోతుంటే అప్పుడుగాని ఆసుపత్రికి మార్చలేదు. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసిన అతని అన్న నన్ను ఒక్క మాటా అనలేదు. కాకపోతే "సార్" అని పిలిచాడు.

ఇప్పుడు మానసిక వైద్యుల్లో మన తెలుగు పిల్లలే ఉన్నారు, నాలాంటివాడు మధ్యలో కూర్చునే అవసరం తగ్గింది. చట్టంలోంచి "దోషే" అన్న ఆ ఒక్క మాట అప్పుడే పోయి ఉంటే, ఆ అన్న నా చెయ్యి పట్టుకునేవాడు కాడేమోనని అనుకుంటూ ఉంటాను.

ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, నా చెవి పొరపాటు. అతను "ఇనిపించింది" అనే అన్నాడు. నేను స్పష్టంగా విన్నాను.