నీళ్ళను అడిగి రమ్మనే సార్

మా సార్ పోయారని కబురు వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఒక రిపోర్టు పంపబోతున్నాను. నల్గొండ కాలేజీలో మాకు నీటి ప్రవాహాల పాఠం చెప్పిన సార్. పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి, "పొద్దుగాల పోయిండ్రు. పొద్దుగూకకముందే ఎత్తుతరట, జల్ది రా" అన్నాడు. లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. రిపోర్టు పంపకుండానే బస్సెక్కాను.

ఆ రిపోర్టు కొత్తకోట దిక్కు మా ఊరి వాగు మీద కట్టబోయే వంతెనది. వరదొస్తే నీళ్ళు దాని స్తంభాన్ని ఎంత బలంగా తోస్తాయో కంప్యూటర్‌లో లెక్క కట్టడం నా పని. టైం లేదని మా ఆఫీసు మేడం సగం మోడలే చేయించారు. అంటే నీళ్ళనూ స్తంభాన్నీ నడిమికి కోసి, కోసిన చోట అద్దం పెట్టినట్టు 'ఇటు ఎట్లుందో అటూ అట్లే' అని కంప్యూటర్‌కు చెప్పడం. దాన్ని సిమెట్రీ అంటారు. సగం పని తగ్గుతుంది. లెక్క నున్నగా కుదిరింది. స్తంభాన్ని పక్కకు గుంజే బలం సున్నా అని వచ్చింది. ఆ సున్నాయే బస్సులో నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

సార్ కూర్చొని పాఠం చెప్పడం మేమెవరం చూడలేదు. ఒక చేత్తో సుద్దముక్క, ఇంకో చేత్తో ప్యాంటు పైకి లాక్కుంటూ తిరుగుతూనే ఉండేవారు. మేం నవ్వితే, "నవ్వుండ్రి, నవ్వుండ్రి, పరీక్షల ఏడుద్దురు" అనేవారు.

కాలేజీలో మా ప్రాజెక్టుకు మేమూ ఇట్లాగే సగం మోడల్ పట్టుకుపోతే సంతకం పెట్టలేదు. "అద్దం పెట్టింది మీరు. నీళ్ళు ఒప్పుకున్నయా? అడిగొద్దాం పాండ్రి" అన్నారు. బస్టాండు దగ్గర మరమరాలు కొని, మమ్మల్ని ఊరవతలి కాలువ వంతెన మీదికి తోలుకుపోయారు.

స్తంభానికి ఎగువన పిడికెడు చల్లారు. అవి స్తంభం దాటాక నేరుగా పోలేదు. ఓసారి ఎడమకు సుడి తిరిగాయి, ఓసారి కుడికి.

"చూసిండ్రా? స్తంభం రెండు దిక్కుల ఒక్కతీరే ఉంది, నీళ్ళు ఉంటలేవు. నడిమిట్ల మీరు అద్దం పెడితె గివి అటిటు ఎట్ల పోతయి?"

మిగిలిన మరమరాలు మేం బుక్కుతుంటే, "నాక్కూడ జర పెట్టుండ్రి, దొంగలార" అని చెయ్యి చాచారు. సగం మోడల్ మీద ఆయనకు పగేమీ లేదు. సన్నటి పైపులో నిమ్మళంగా పోయే నీళ్ళకైతే, "సగమే చెయ్యి బిడ్డా, పానం ఎందుకు తీసుకుంటవు?" అనేవారు. సార్ లేకపోతే ఆ సున్నాను నేనూ నమ్మేదాన్ని.

బస్సు దిగి వెళ్ళేసరికి సార్ ఇంటి ముందు టెంటు వేసి ఉంది. సార్ భార్య నా చెయ్యి పట్టుకొని, "దవాఖానల గూడ మీ సార్ కుదురుగ పండలే బిడ్డా. సెలైన్ చుక్కలు చూసుకుంట ఏందో లెక్కలు గట్టిండు" అంది. నవ్వబోయి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. అప్పుడే మేడం ఫోన్.

"పంపినవా?"

"లేదు మేడం. పూర్తి మోడల్ చెయ్యాలె."

"పరేషాన్ చెయ్యకు. ఆలస్యమైతే పని వేరేటోళ్ళకు పోతది."

"పోతే పాయె మేడం. రేపు గొర్లను తోలుకొని మా నాయిన దాటేది ఆ వంతెన మీదికెల్లే."

"అయితే ఆలస్యానికి నీ పేరే చెప్త" అని పెట్టేశారు. చెప్పుకోనీ!

ఇప్పుడు ఆఫీసులో పూర్తి మోడల్ నడుస్తోంది. పక్కకు గుంజే బలాన్ని చూపే గీత ఒక్కచోట నిలవడం లేదు. పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది, మళ్ళీ లేస్తోంది. మేడం వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఆ గీత వెంట వేలు పైకీ కిందికీ కదుపుతున్నారు. వాగులో ఆ స్తంభానికి ఇంకా గుంత కూడా తవ్వలేదు. తెర మీద మాత్రం నీళ్ళు అప్పుడే దాన్ని అటూ ఇటూ గుంజుతున్నాయి.