జపాను దెయ్యానికి నేను చేసిన రీమేక్

2005 వానాకాలం. పలాస–కాశీబుగ్గలో ఒక సినిమా హాలుకి ప్రచారం చేసేవాణ్ణి. అద్దె ఆటో, దాని మీద రెండు హారన్ స్పీకర్లు, సీటు కింద బ్యాటరీ, ఒళ్ళో యాంప్లిఫయరు, చేతిలో మైకు. హాలువాళ్ళ భాషలో నా పని పబ్లిసిటీ. ఊళ్ళవాళ్ళకి మాత్రం నేను మైకోణ్ణి. పొద్దున్నే బయల్దేరి మందస రోడ్డు పట్టుకుని, ఉద్దానం తోటల మధ్య ఊళ్ళు, సముద్రం ఒడ్డు పల్లెలు చుట్టి మ్యాట్నీ వేళకి హాలు చేరేవాణ్ణి. మైకులో వాగడం కూడా ఒక పనేనా అని నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. జీడిపిక్కలు కొడుతూ వంచిన తల ఎత్తని ఆడవాళ్ళ చేత ఒక్క మాటతో తల ఎత్తించమనండి వాళ్ళని, చూద్దాం. నేను ఎత్తించేవాణ్ణి. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాచుకోను.

ఆ వారం వచ్చింది డబ్బింగ్ బొమ్మ. హాలీవుడ్ దెయ్యం సినిమాకి తెలుగు మాటలు అతికించింది. ప్రింటు బాక్సుతో పాటు విశాఖపట్నం నుంచి రెప్ దిగాడు. రెప్ అంటే పంపిణీదారు తరఫు మనిషి, బొమ్మ ఆడినన్నాళ్ళూ హాలు దగ్గరే ఉంటాడు. ఈయనకి సినిమాల పిచ్చి. క్యాంటీన్లో టీ తాగుతూ నాకు ఓ సంగతి చెప్పాడు.

"ఇది అమెరికావాళ్ళ సొంత కథ కాదు గురూ. అసలు బొమ్మ జపానుది. ఇప్పుడు అక్కడ అందరూ జపాను దెయ్యాల మీదే పడ్డారు. కథ కొనుక్కోవడం, వాళ్ళ మనుషుల్ని పెట్టి మళ్ళీ తీయడం."

"అరవంలో ఆడిన బొమ్మని మన హీరోతో తీసినట్టా?"

"అచ్చం అంతే. నేను రెండూ చూశాను. జపాను బొమ్మలో దెయ్యం ఎందుకొచ్చిందో సరిగా చెప్పరు. నీళ్ళ చప్పుడు, తడిజుట్టు, అంతే. అమెరికావాళ్ళకి కారణం లేకపోతే భయం వేయదు. అందుకని దెయ్యమైన ఆ పిల్లకో తల్లిని పెట్టారు, ఓ డాక్టర్ని పెట్టారు, నీళ్ళల్లోకి ఎవరు తోశారో చూపించారు. ఎవడికి ఏది భయమో అది కలుపుకోవాలి గురూ. రీమేక్ అంటే అదే."

ఆ మాట నాకు బాగా ఎక్కింది. మావాళ్ళకి ఏది భయమో నాకు తెలుసు కదా అనుకున్నాను. ఉద్దానంలో అప్పటికే కిడ్నీ జబ్బుతో మనుషులు రాలిపోతున్నారు. నిన్నటిదాకా కొబ్బరిచెట్టెక్కిన మనిషి ఇవాళ మొహం ఉబ్బి మంచాన పడేవాడు. ఎందుకో డాక్టర్లు కూడా చెప్పలేకపోయేవారు. జనం మాత్రం నీళ్ళనే అనుమానించారు. మా చినమావ నడుం పట్టుకుని ఆరు నెలలు మూలిగి పోవడం నేను కళ్ళారా చూసినవాణ్ణే. చూసి కూడా, సిగ్గు లేకుండా, ఆ భయాన్నే తీసుకెళ్ళి మైకులో పెట్టాను.

"జపానును వణికించి, అమెరికాను ఏడిపించి, ఇప్పుడు మీ ముందుకు, తెలుగు మాటలతో! తెల్లచీర, తడిజుట్టు, చంకలో బిందె! ఎవరా ఆడది? ఆమె పోసిన నీళ్ళు తాగినవాళ్ళు నడుం పట్టుకుని ఒక్కొక్కరే మంచాన పడుతున్నారు! మీ ఇంట్లో మంచినీళ్ళు ఎవరు తెచ్చారో ఒక్కసారి చూసుకోండి! గర్భిణీ స్త్రీలు, గుండెజబ్బులవాళ్ళు దయచేసి రావద్దు!"

బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు అరిచాను. శుక్రవారం బొమ్మ పడింది. మొదటి ఆటకే నేలక్లాసు కిక్కిరిసిపోయింది. రెప్ నా భుజం తట్టాడు. హాలు షావుకారు, ఎప్పుడూ మెచ్చుకోని మనిషి, "నీ నోరు మంచిదిరా" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీర కట్టుకుని, సంచిలో బైబిలు పెట్టుకుని. గేటు దగ్గర నిలబడి, "మైకోడు ఎవులు?" అని అడిగింది. నేనేనన్నాను. నన్ను పైకీ కిందికీ చూసింది.

"నీతోటి పనుంది. బొమ్మ సూసొచ్చి మాటాడతాను. ఎక్కడికీ ఎల్లకు."

నేల టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళింది. ఎందుకో తెలియదు గానీ నేను కదల్లేదు. మ్యాట్నీ విడిచాక జనమంతా గోలగోలగా వస్తుంటే ఆవిడ ఆఖర్న నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది.

"బొమ్మంతా సూసినాను. సీరేదీ?" అంది.

నాకు అర్థం కాలేదు.

"అది గౌనేసుకుంది. బిందేదీ? దాని సేతిలో బిందె నేదు. ఎవులికీ నీళ్ళు పొయ్యనేదు. పాపం ఆ గుంటనే ఎవులో నీళ్ళల్లోకి తోసినారు. తోసినోళ్ళని ఒగ్గేసి దాన్ని దెయ్యం అంతన్నారు, అది ఆళ్ళ ఇట్టం. మరి నా సీరా, నా బిందే తీసుకెల్లి మైకులో ఎందుకు పెట్టినావు?"

"నీదేంటప్పా, నాకు నువ్వెవరో కూడా తెలీదు," అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం, పిల్లల్ని గుంటలు అంటాం.

అప్పుడు చెప్పింది. పేరు రూతమ్మ. మందస దాటాక సముద్రం వైపు ఒక ఊరు. ఊరి పేరు రాయను. అక్కడి బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఈవిడే. దగ్గరి బోరు నీళ్ళు మంచివి కావని, తోటల అవతలి బోరు నుంచి రోజూ బిందెలతో మోసుకొచ్చి వండేది, పిల్లలకి తాగడానికి పోసేది. భర్త రెండేళ్ళ కింద అదే జబ్బుతో పోయాడు. ఆ వీధిలోనే మరో ఇద్దరు పోయారు. నేను మైకులో అరిచిన రెండో రోజు నుంచి పిల్లలు ఆవిడ వస్తుంటే పళ్ళేలు వీపు వెనక దాచుకున్నారట. మూడో రోజు తల్లులు వచ్చి పిల్లల్ని ఇంటికి తీసుకుపోయారట. శనివారం బడి కమిటీ కూర్చుని, సోమవారం నుంచి రావద్దని చెప్పిందట.

"అప్పా, అది ఊరికే పబ్లిసిటీ. దాన్ని పట్టుకుని పనిలోంచి తీసేస్తారా ఎవరైనా?"

"నీకు తెలీదేటి, తెలీనట్టు మాటాడతన్నావు. నాను ఊరవతల పేట మనిషిని. నా సేతి వంట ఆళ్ళ గుంటలు తినడం ఆళ్ళకి మొదుట్నించీ ఇట్టం నేదు. ఆ మాట పైకంటే కేసవుద్ది. అందుకే నోరు మూసుకున్నారు. పైకి సెప్పుకోడానికి ఓ మాట కావాలి. నువ్విచ్చినావు."

కులం అనే మాట ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. దానికి తొడుక్కోవడానికి ఒక వేషం కావాల్సి వచ్చింది. జపాను దెయ్యానికి చీర కట్టి ఆ వేషం కుట్టి ఇచ్చిన దర్జీని నేను.

"కమిటీవాళ్ళతో నేనొచ్చి మాట్లాడతానప్పా," అన్నాను గొణుగుతూ.

"ఆళ్ళతో గుసగుసలు నాకక్కర్నేదు. మైకులో అన్నావు. మైకులోనే సెప్పు."

ఆవిడ బస్సెక్కి వెళ్ళిపోయింది. నేను షావుకారు గదిలోకి వెళ్ళి సంగతి చెప్పాను. రేపు ఆ ఊళ్ళో బడి వేళకి మైకు పెట్టి, నేను చెప్పిందంతా కల్పితమని చెప్తానన్నాను. ఆయన నవ్వాడు.

"బొమ్మ ఇంకా నాలుగు రోజులుందిరా. దెయ్యం లేదని నువ్వే మైకులో చెప్తే టిక్కెట్టు ఎవడు కొంటాడు? ఇలాంటివి రెండ్రోజుల్లో అవే సర్దుకుంటాయి."

"మనకి సర్దుకుంటాయి. ఆవిడకి రేపే పని పోతుంది."

"వెళ్తే మళ్ళీ నా హాలు మెట్లెక్కకు."

ఎక్కనులెండి అన్నాను. మైకుసెట్టు నాది, గొంతు నాది. హాలు ఒక్కటే ఆయనది. రెప్ మాత్రం గుమ్మం దాకా వచ్చి, "మా బొమ్మ పేరు చెప్పకు గురూ, మిగతాది నీ ఇష్టం," అన్నాడు. ఇక్కడా చెప్పడం లేదు.

సోమవారం అన్నాల వేళకి బడి ముందు ఆటో ఆపాను. రూతమ్మ అప్ప అప్పటికే వంటపాకలో ఉంది. రావద్దన్నారని ఆగలేదు. తలంటుకుని వచ్చింది, జుట్టు ఆరలేదు. కట్టుకున్నది నిన్నటి తెల్లచీరే. నేను చూస్తుండగానే నీళ్ళకి వెళ్ళి, చంకన బిందె పెట్టుకుని తోట దాటి, ఊరి నడివీధిలోంచి నడిచొచ్చింది. మైకులో నేను అన్నది అన్నట్టుగా వచ్చింది. చూసి భయపడేవాళ్ళు భయపడండి అన్నట్టే ఉంది ఆ నడక. మాస్టారు తరగతి గది గుమ్మంలో నిలబడిపోయాడు. నేను స్విచ్చి వేశాను.

"మహాజనులారా. నాలుగు రోజులు ఇదే ఊళ్ళో దెయ్యం దెయ్యమని అరిచిన గొంతే ఇది, గుర్తుపట్టే ఉంటారు. నేను చెప్పింది అబద్ధం. ఆ సినిమాలో చీర లేదు, బిందె లేదు, నడుంనొప్పి లేదు. కావలిస్తే వెళ్ళి చూసుకోండి. ఆ దెయ్యం పుట్టింది జపానులో. అమెరికావాళ్ళు దాన్ని తీసుకెళ్ళి గౌను తొడిగి రీమేక్ చేశారు. దానికి చీర కట్టి, చంకలో బిందె పెట్టి రెండో రీమేక్ చేసింది నేను, టిక్కెట్లు తెగడానికి. మన మనుషులు దేనివల్ల పోతున్నారో డాక్టర్లే ఇంకా తేల్చలేదు. దాన్ని రూతమ్మ అప్ప మీదకి తోసేయడానికి నేనెవణ్ణి, మీరెవరు?"

వీధి అరుగుల మీదకి జనం వచ్చారు. కమిటీ పెద్దాయన కండువా దులుపుకుంటూ ఆటో దగ్గరకి వచ్చాడు. తోటలున్న మనిషి, మాట నెమ్మది.

"ఏటి మైకు బాబూ, మా బడి సంగతి నీకెందుకు? ఎవులు పంపినారు నిన్ను?"

"నా నోటి దురదే పంపింది మావా. నేను చేసిన తప్పు నేను చెప్పుకుంటున్నాను."

"నువ్వు సెప్పుకో, మేం కాదన్నేదు. తల్లులు బయపడతన్నారు, మేమేటి సేత్తాం?"

"దేనికి భయం?"

"దెయ్యవనే కదా ఆళ్ళ బయం."

"ఆ దెయ్యం నాదే అన్నాను కదా, వెనక్కి తీసుకున్నాను. ఇంకా ఆవిడ వండకూడదంటే దానికి వేరే కారణం ఉండాలి. ఉంటే మీరే చెప్పండి. ఇదిగో."

మైకు ఆయన చేతిలో పెట్టాను. స్విచ్చి వేసే ఉంది. ఆయన దాన్ని పట్టుకుని నోటి దాకా తెచ్చాడు. ఆయన ఊపిరి రెండు హారన్లలోంచీ ఊరంతటికీ వినిపించింది. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, మళ్ళీ లోపలికి. ఆ ఊపిరి తప్ప ఇంకేమీ రాలేదు. మైకు నా ఒళ్ళో పడేసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు పొంగింది. గెలిచేశామనుకున్నాను. రూతమ్మ అప్ప పళ్ళేలు పేర్చి పిల్లల్ని పిలిచింది. వచ్చింది సగం మందే. మిగతావాళ్ళు గోడ దగ్గర నిలబడి చూశారు, ఇళ్ళకి పోయారు. ఆవిడ వచ్చినవాళ్ళకి వడ్డించింది. ఆ తర్వాత నాకు ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగేశాను. తప్పు దిద్దుకున్నవాడిలా మొహం పెట్టుకుని, "నన్ను క్షమించప్పా, ఇంక వెళ్ళొస్తాను," అన్నాను.

"సెమించడం సంగతి తరవాత. నాలుగు దినాలు అరిసినావు. ఒక్క దినం సెప్పీసి ఎల్లిపోతే ఎలగ? ఆ గోడ కాడ నిల్సున్న గుంటలు రేపు కూడా ఇనాలి కదా."

మంగళవారం వెళ్ళాను. బుధవారం వెళ్ళాను. గొంతు బొంగురుపోయినా గురువారం వెళ్ళాను. ఆటో అద్దె నా చేతిదే. నాలుగో రోజుకి రెండిళ్ళ పిల్లలు తప్ప అందరూ వరసలో కూర్చున్నారు. ఆ రెండిళ్ళవాళ్ళు దెయ్యానికి ఎన్నడూ భయపడలేదు, వాళ్ళది వేరే జబ్బు. ఆ ఏడే కాదు, ఆ తర్వాత కూడా ఆ బడిలో రూతమ్మ అప్పే వండిందని విన్నాను.

ఆ హాలు మెట్లు నేను మళ్ళీ ఎక్కలేదు. వేరే హాళ్ళకి పనిచేశాను, వాటిలో దెయ్యం బొమ్మలకీ చేశాను. దెయ్యాల మీద నాకు కోపం లేదు, రీమేకుల మీదా లేదు. ఎవరి భయం వాళ్ళు కలుపుకుని తీసుకోనివ్వండి. కానీ అప్పట్నుంచి బొమ్మ మొత్తం చూడకుండా మైకు పట్టుకోలేదు, బొమ్మలో లేని చీర ఎవరికీ కట్టలేదు. జనం మరిచిపోతారులే అనేవాళ్ళు ప్రతి హాలులోనూ ఉంటారు. జనం మరిచిపోరు, వాడుకుంటారు. అందుకే అబద్ధం ఎన్నిసార్లు చెప్పామో నిజం కూడా అన్నిసార్లు చెప్పాలి, అదే ఊళ్ళో, అదే గొంతుతో. ఒక్కసారి తక్కువైనా గోడ దగ్గర ఒక పిల్లాడు ఆకలితో నిలబడే ఉంటాడు.