బెంగుళూరు నుంచి ఆమెకు వచ్చిన ఉత్తరం

చైనాతో యుద్ధం మొదలైన నెలలో బెల్లంపల్లి స్టేషను పక్క హోటల్లో నాకంటే పెద్దమనిషి లేడు. అంతకుముందు రెండో ప్రపంచయుద్ధంలో విమానదళంలో పనిచేసి వచ్చినవాణ్ణి. బర్మా మీదికి ఎగిరిన విమానాల గురించి నేను చేతులు ఊపుతూ చెబుతుంటే, బొగ్గుబాయి దిగి వచ్చినవాళ్ళు చాయ్ చల్లారబెట్టుకుని వినేవారు.

నిజానికి నేను పనిచేసింది గోదాములో. టైర్లు, నూనె డబ్బాలు అడిగినవాళ్ళకు అందించేవాణ్ణి. విమానం ఎక్కింది ఒక్కసారి. అదీ నేలమీద ఉన్నదాన్ని, తుడవడానికి.

"అన్నా, నిన్ను మళ్ల పిలుస్తరా?" అని ఒకతను అడిగాడు.

"పిలువక ఏంజేస్తరు? గీ పని తెలిసినోళ్లు దేశంల ఎంతమంది ఉన్నరు?" అన్నాను.

ఏం చెప్పినా నమ్ముతున్నారని వాళ్ళను చూసి లోపల నవ్వుకునేవాణ్ణి. రోజూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని బాయి దిగేవాళ్ళను టైర్లు మోసినవాడు చిన్నచూపు చూశాడు. అలాంటివాణ్ణి ఏమనాలో నాకు ఇప్పటికీ సరైన తిట్టు దొరకలేదు.

ఆ యుద్ధంలో విమానాల పని చేసింది నా భార్య. నేను గోదాములో ఉన్న రెండేళ్ళూ ఆమె బెంగుళూరులో విమానాల కార్ఖానాలో ఉంది. రెక్క రేకులకు బయటినుంచి ఒకరు రివిట్లు, అంటే అతుకు మేకులు, కొడుతుంటే, లోపల ఇంకొకరు ఇనుపదిమ్మె ఆనించి పట్టుకోవాలి. సన్నగా ఉండేది కాబట్టి ఆమె రెక్కలోకి దూరేది. ఒక్క రివిటు వంకరపోయినా ఊరుకునేది కాదు, పీకించి మళ్ళీ కొట్టించేది.

బెల్లంపల్లిలో ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు నేను. ఆమె అక్కడ వంట చేసేదని చెప్పాను. మగవాళ్ళ మధ్య పనిచేసిందంటే పరువు పోతుందని ఆమెతో అన్నాను. అది సాకు. ఆమె పని తెలిస్తే నా టైర్లు తేలిపోతాయి.

అప్పుడు బెంగుళూరు నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది, ఆమె పేరు మీద. కార్ఖానాలో కొత్తగా చేరే ఆడవాళ్ళకు రివిట్ల పని నేర్పడానికి పాతవాళ్ళు కావాలట, వెంటనే రమ్మన్నారు.

"ఏం రాసిండ్రు?" అంది, ఇంగ్లీషు రాని నా భార్య.

"ఎవలో పాతోళ్లు. ఊకె మంచిచెడ్డలు అడిగిండ్రు."

తడిచేతులు కొంగుకు తుడుచుకుని కవరు తీసుకుంది. మీదున్న కార్ఖానా గుర్తును వేలితో తడిమింది. "గా రేకుల వాసన ఇంక నా ముక్కుల్నే ఉన్నది" అని నవ్వింది. ఆ నవ్వు చూసి కూడా, మర్నాడు నేను గుమాస్తాగా ఉన్న బొగ్గుగనుల ఆఫీసులో కూర్చుని, ఆరోగ్యం బాగాలేదు, రాలేను అని జవాబు రాశాను. కింద ఆమె సంతకం నేనే పెట్టాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

మూడు వారాల తర్వాత నేను డ్యూటీలో ఉండగా ఇంకో కవరు వచ్చింది. ఈసారి ఆమె దాన్ని ఎదురింటి పోస్టుమాస్టరు దగ్గరికి పట్టుకుపోయింది. నేను ఇంటికి వచ్చేసరికి ఆయన మా అరుగు మీద కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆవో భాయ్. చెల్లెకు పాణం బాగలేదట గదా? తొందరగ బాగుపడాలని బెంగుళూరోళ్లు దువా జేస్తుండ్రు. ఎదురింట్ల ఉండి మాకే ఎరుకలేకపాయె!"

ఆమె నవ్వలేదు. "నా సంతకం నువ్వే పెట్టినవా?"

"నీ మంచికే..."

"మంచి సంగతి అడుగలే. పెట్టినవా, లేదా?"

"పెట్టిన."

కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "నేను జెప్త, ఇంగ్లీషుల రాయి. పాణం మంచిగున్నది. పని మరువలే. జాగ ఉంటే వస్త. ముందుగాల వచ్చిన జవాబు నాది కాదు, నా మొగడు రాసిండు."

రాశాను. అప్పుడైనా బుద్ధిగా రాశానా? నా భర్త పొరపాటున రాశాడని ఒక ముక్క కలిపాను. ఆమె కాగితం లాక్కుని పోస్టుమాస్టరుకు ఇచ్చింది. ఆయన చదివి గొంతు సవరించుకున్నాడు.

"పొరపాటున అని రాసిండు చెల్లె."

"పొరపాటు అన్ననా నేను?" అంటూ కాగితం మళ్ళీ నా ముందు పడేసింది. "అబద్ధం రాసిండు అని రాయి."

ఆయన ముందే కొట్టివేసి, అలాగే రాశాను. ఆమె సంతకం పెట్టింది. నేను పెట్టినదానికీ దానికీ పోలికే లేదు.

పది రోజులకు రమ్మని కబురు వచ్చింది. మాకు పిల్లలు లేరు, ఆపేవాళ్ళు లేరు. నేనూ వస్తానని స్టేషనులో నసిగాను.

"వద్దు. నీ నౌకరి నువ్వు జేస్కో" అంది. రైలు కదులుతుంటే కిటికీలోంచి అంది: "ఉత్తరం రాస్తే నీ పేరుతోనే రాయి."

మొదటి ఉత్తరం రాయడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. తప్పు చేశానని రాద్దామనే కూర్చున్నాను. పొయ్యి పొగ పెడుతోందని, కందిపప్పు ఏ డబ్బాలో పోశావని రాసి పోస్టు చేశాను.