వంకర గాడి పడ్డ స్క్రూ

మిర్యాలగూడలో మీ బీరువా తాళం బిగుసుకుందనుకోండి, ఎవరినడిగినా మల్సూరు దగ్గరికే పొమ్మంటారు. బస్టాండు ఎదురుగా నల్ల గొడుగు కింద కూర్చుని ఉంటాడు. తాళాలు, కుట్టుమిషన్లు, గ్యాసు పొయ్యిలు, ఏదైనా సరే. అరవై మూడేళ్లొచ్చినా చేతి నిలకడ తప్పలేదు, నోటి దురుసూ తగ్గలేదు. స్క్రూ చూసి సామాను వయసు చెప్పగలనని ఆయన గొప్ప. అడక్కపోయినా చెప్పేస్తాడు కూడా!

ఆ గొప్పే ఈసారి కొంప ముంచింది.

రెండు వారాల కింద, పాలకీడు దగ్గరి తండా నుంచి చాందీ ఓ ఇనుప సామాను ఎర్రగుడ్డలో చుట్టి తెచ్చింది. కొక్కెం కదలడం లేదట. ఆమె మామ ఫూల్‌సింగ్ ఇంట్లో మేరామ తల్లి ముందుంచి, దసరా దసరాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కే సామాను అది. ఎద్దుల మీద దండులకు ధాన్యం మోసిన తమ పూర్వీకులు తెచ్చిన చెకుముకి తుపాకీలోదని, రాయిని ఉక్కుకు కొట్టి నిప్పు రాల్చేది అదేనని ముసలాయన చెబుతాడు. మల్సూరు కళ్లద్దాలు సర్దుకుని పైకి కనబడే స్క్రూ ఒక్కటే చూశాడు.

"తాతలు లేరు, ముత్తాతలు లేరు. ఇది లేతు మిషన్ల తీసిన స్క్రూ బిడ్డా. ఈ సామాను నాకంటే చిన్నది" అని నవ్వాడు. చుట్టూ నిలబడ్డవాళ్లూ నవ్వారు.

ఇవాళ చాందీ అదే ఎర్రగుడ్డ మూటతో మళ్లీ వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

"నువ్వన్న మాట తండా అంత పాకింది కాకా. మా మామను లేతు తాత అంటున్రు. మేరామ ముంగట కూసుంటలేడు, సక్కగ తింటలేడు. ఎనభై ఐదేండ్ల మనిషి అబద్ధమాడిండా? ఇప్పి సూడు. అబద్ధమే అయితే నువ్వే వచ్చి ఆయన మొఖం మీద చెప్పు."

మల్సూరు మూట విప్పి సామాను అటూ ఇటూ తిప్పాడు. "ఇప్పాలంటే ఈ కుంకుమ అంత గీకాలె."

"దేవి కుంకుమ నువ్వు గీకుడేంది? నేనే తుడుస్త" అని చాందీ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. తర్వాత నూనెగుడ్డ అందుకుంది. ఏళ్ల తరబడి పేరుకున్న పొరలు ఊడి వచ్చాయి. సామాను ఇనుప పలక మీద ముందు గుండె ఆకారం బయటపడింది, దాని నెత్తిన నాలుగు అంకె. ఆ తర్వాత పలక చివర 1796.

"ఓర్నీ!" అన్నాడు మల్సూరు.

సూర్యాపేటలో పని నేర్పిన ఉస్తాద్ ఒక దొరగారి పాత తుపాకీ మీద ఈ ముద్ర చూపించాడు. ఈస్టిండియా కుంపిణీవాళ్లు సీమలో చేయించి ఓడలెక్కించిన తుపాకులకు వేసిన ముద్ర. అయినా మల్సూరు తొందరపడలేదు. ఒకసారి నోరు జారింది చాలు. దొంగముద్ర అయితే? సామాను విప్పి ముక్కలన్నీ పేపరు మీద పేర్చాడు. స్ప్రింగు మీద, కొక్కెం మీద, ప్రతి స్క్రూ మీదా ఆకురాయితో కోసిన రెండేసి సన్నని గాట్లు! ఒక తుపాకీ ముక్క ఇంకోదాంట్లో కలిసిపోకుండా ఆ సీమ పనివాడు పెట్టుకున్న గుర్తు. ముద్ర అబద్ధమాడొచ్చు గానీ లోపల దాచిన గాట్లు ఆడవు.

ఒక్క స్క్రూకే గాట్లు లేవు. మొన్న తాను చూసి నవ్విన స్క్రూ అదే. దాన్ని వెలుగులోకి ఎత్తి చూశాడు. తలమీది గాడి నడిమధ్యన లేదు, ఒక పక్కకు ఒరిగింది.

మల్సూరు స్క్రూను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. గాడి ఇలా పక్కకు పోయినప్పుడల్లా తన వేళ్ల మీద కొట్టేవాడు ఉస్తాద్. నలభై ఏళ్లు దాటింది. ఆ గాడి తనది! తన స్క్రూ చూసి తానే మోసపోయి, పెద్దమనిషి పరువు బజారున పెట్టాడు. ఛీ అనిపించింది.

నూనె పెట్టి ముక్కలన్నీ మళ్లీ బిగించాడు, కొక్కెం కదిలింది. పట్టపగలు గొడుగు మడిచాడు. చాందీ స్కూటీ వెనక కూర్చుని, సామాను ఒళ్లో పెట్టుకుని తండాకు పోయాడు. మంచం మీదున్న ఫూల్‌సింగ్ ముందు, చేరిన జనం వినేలా చెప్పాడు.

"బాపూ, ఇది రెండొందల ఏండ్లు దాటిన సీమ సామాను. నీ మాట నిజం. లోపలి ముక్కలన్నిటికి రెండేసి గాట్లున్నయ్, అవి లేని స్క్రూ ఒక్కటే కొత్తది. అది పెట్టినోన్ని నేనే. తప్పయింది."

"నాకెర్కనే" అన్నాడు ముసలాయన. "సూర్యాపేటల అప్పుడు నీకు మీసం గూడ రాలే. ఒక్క స్క్రూకు మూడు దినాలు తిప్పించుకున్నవ్."

జనం గొల్లుమన్నారు.

"మరి చెప్పకపోతివేంది?" అన్నాడు మల్సూరు.

"నేను చెప్తే ముసలోడు సాకులు చెప్తుండంటరు. ఇప్పి సూస్తే నీ పని నీకే కనవడ్తదనుకున్న. నువ్వు సూడనే సూడకపోతివి. గదే బాధైంది పిలగా."

మల్సూరు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది తీసేస్త బాపూ. సక్కటి గాడితోని ఇంకోటి చేసిస్త."

"ఉండనీయ్. నలభై ఏండ్ల సంది మొక్కుతున్నం దానికి. దానిక్కూడ రెండు గాట్లు పెట్టు."

చాందీ కుంకుమ డబ్బీ తెచ్చేలోగా మల్సూరు ఆకురాయి తీశాడు. ఈసారి రెండు గాట్లూ తిన్నగా పడ్డాయి.