మా టైపిస్టు అక్క దాచిన పెళ్లి

మొన్న సోమవారం పొద్దున పది గంటలకు మా మిల్లు ఆఫీసుకు భీమ్‌గల్ నుంచి ఫోను వచ్చింది. ఎత్తింది నేనే. "మీ టైపిస్టు పోయింది" అన్నాడు అవతల ఒక మగమనిషి. వెంటనే ఫోను పెట్టేశాడు. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. బస్సు ఆలస్యమై ఉంటుందని అప్పటిదాకా అనుకుంటూ ఉన్నాను. శనివారం సాయంత్రం అదే కుర్చీలోంచి లేచి, "సోమారం కలుస్త చెల్లె" అని చెప్పి పోయిన మనిషి. నలభై కూడా నిండలేదు.

ప్రతి శనివారం భీమ్‌గల్‌లో బడిపంతులుగా ఉన్న అన్నగారింటికి పోయి, సోమవారం మొదటి బస్సుకు తిరిగి రావడం ఆమె అలవాటు. మిగతా రోజులు బోధన్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉండేది. ఆమెకు పెళ్లి కాలేదని మిల్లులో అందరికీ తెలుసు.

చెరుకు బండ్లు తూచే కాంటా గుమాస్తా చాచా, నేను, ఇంకో నలుగురం బస్సెక్కి పోయాం. ఆ అన్నగారింటి వాకిట్లో ఆమెను పడుకోబెట్టారు. నుదుట రూపాయంత కుంకుమ. మెడలో నల్లపూసలు, పుస్తెలు. తెలియనివాళ్లెవరో పొరపాటున అలా ముస్తాబు చేశారనుకున్నాను. పక్కనున్న ముసలామె దగ్గరికి వంగి, "అవ్వా, ఆమెకు పెండ్లి కాలే. పుస్తెలెందుకు కట్టిండ్రు?" అని అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గదేం మాట బిడ్డా? సారు పెండ్లామాయె. పదకొండేండ్ల సంది సూస్తున్న."

తల దగ్గర కూర్చున్న బడిపంతులు, మేం ఇన్నాళ్లూ అన్నగారనుకున్న మనిషి, కళ్లెత్తి మా వైపు చూశాడు.

ఇది రాస్తుంటే కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఎనిమిదేళ్లు ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాను. నాకు టైపు పని నేర్పింది ఆమే. కొట్టిన ప్రతి కాగితాన్నీ కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి చూసేది. ఒక్క అక్షరం తప్పు పోయినా మొత్తం మళ్లీ కొట్టించేది. "దిద్దినట్టు కనవడొద్దు చెల్లె. కనవడితే మనకే పేరు వెడతరు" అనేది. ఎవరైనా గొంతు పెంచితే, "గట్టిగ గాదు, సాఫ్‌గ మాట్లాడు" అనేది. తను ఎప్పుడూ మెల్లగానే మాట్లాడేది.

మా మిల్లు చిన్నది, ప్రైవేటుది. ఆఫీసులోకి ఆడవాళ్లను తీసుకునేటప్పుడే ఒక షరతు పెట్టేవారు. పెళ్లయితే ఉద్యోగం వదులుకోవాలి. ఏడాదికొకసారి, తనకు పెళ్లి కాలేదని రాసిన కాగితం మీద సంతకం చేయాలి. ఆ కాగితాలు టైపు చేసే పని కూడా ఆమెదే.

మూడేళ్ల కిందట నాకు పెళ్లి కుదిరింది. మేనేజరు రాజీనామా అడిగాడు. నేను రాసేశాను కూడా. ఆమె నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. కొత్త చట్టం వచ్చిన రోజులవి. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే జీతం ఇవ్వాలనీ, పనిలోకి తీసుకునేటప్పుడు ఆడదని పక్కన పెట్టకూడదనీ పేపర్లో పడింది. ఆ పేపరు పట్టుకుని నన్ను నిజామాబాద్‌లో లేబర్ ఆఫీసరు దగ్గరికి తీసుకుపోయింది.

ఆయన ఓపికగా విన్నాడు. "ఈ చట్టం జీతాల సంగతి, పనిలోకి తీసుకునే సంగతి చెప్తుందమ్మా. పెళ్లయితే తీసేస్తామనే షరతు చెల్లదని అంతకుముందే పెద్ద కోర్టు చెప్పింది. మీ మేనేజరుకు నేను రాస్తాను" అన్నాడు.

ఉత్తరం అందినరోజు మేనేజరు ఆమెను పిలిపించాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"నీకు పెండ్లి లేదు, పిల్లలు లేరు. గిందుల నీకేం పోయింది?"

"రేపు నాకు గావాల్నంటే, సార్?" అంది ఆమె.

ఆయన నవ్వాడు. తలుపు దగ్గర నేనూ నవ్వాను.

నెల తిరక్కుండా షరతు తీసేశారు. నేను మెడలో పుస్తెలతో పనిలోకి వచ్చిన రోజు, కొంగు కప్పుకోబోతుంటే ఆమె నా చేయి పట్టుకుని ఆపింది. "దాసుకోకు. గట్లనే ఉండనీ" అంది. నా కొడుకు తొట్టెల ఫంక్షన్‌కు వచ్చి పొద్దుగూకేదాకా వాణ్ని ఒళ్లోంచి దించలేదు. బస్సు వెళ్లిపోతుందని రెండుసార్లు గుర్తుచేసినా లేవలేదు.

భీమ్‌గల్‌లో ఆ మధ్యాహ్నం పంతులు పక్కన కూర్చుని అడగకుండా ఉండలేకపోయాను. "రూలు పోయినంక గుడ ఎందుకు చెప్పలేదు సార్?"

"రూలు పోయిందమ్మా. ఆమె పెట్టిన సంతకాలు మిల్లులనే ఉన్నయి. పెండ్లయినంక గుడ కాలేదని ఎనిమిదేండ్లు రాసిచ్చింది. అబద్ధం రాసినవని తీసేస్తే ఎట్లా అని భయం. వాళ్ల బాపు పక్షవాతంతోని మంచంల ఉన్నడు. ఇద్దరు తమ్ముల సదువు ఆమె మీదనే నడిచె." ఆయన ఆమె ముఖం మీద వాలుతున్న ఈగను తోలాడు. "పిల్లలు వద్దనుకున్నం. పెండ్లి దాగుతది గని, కడుపు దాగది గద."

తన కోసం నోరు తెరిచి అడగలేనిదాన్ని ఆమె నా కోసం అడిగింది. ఇవాళ నేను చేస్తున్న ఉద్యోగం, నా కొడుకు, రెండూ నాకు ఒకేసారి ఉన్నాయంటే ఆమె వల్ల. ఒక్కనాడు కూడా కృతజ్ఞత చెప్పుకోలేదు. ఆమెకు ఏం పోయిందో తెలియకుండా నవ్వాను.

పొద్దుగాలే బస్సుకు తయారవుతూ, పుస్తెలు తీసి డబ్బాలో పెట్టబోతూ అలాగే కూలిపోయిందట. అవి మళ్లీ ఆమె మెడలో వేసింది ఆయనే.

అది పసుపు ఉడకబెట్టి ఆరబోసే కాలం. ఊరి చివర దారి సగం మేరకు కొమ్ములు పరిచి ఉన్నాయి. పాడె రావడం చూసి ఇద్దరు ఆడవాళ్లు పరుగున వచ్చి వంగి, రెండు చేతులతో పసుపును పక్కకు జరుపుతూ పోయారు. వాళ్లు తెరిచిన సన్నటి దారిలో, అగ్గి కుండ పట్టుకుని ఆయన ముందు నడిచాడు. ఆమె వెనకాల వచ్చింది.