నర్సింహులపేట నుంచి ఇరవై మూడు చుక్కలు

జిల్లా పత్రికలో చాలా ఏళ్లు సబ్ ఎడిటరుగా చేశాక, లాక్‌డౌన్లు సడలిన మరుసటి ఏడాది ఒక స్థానిక వెబ్‌సైటులో సీనియర్ పరిశీలకురాలిగా చేరాను. ఆఫీసు జనగామ బస్టాండు వెనక సందులో, ఒక మందుల షాపు మేడ మీద. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ దుకాణం ఎక్కడుంది, ఎప్పుడు తెరుస్తారు, పని ఎలా ఉంటుంది అన్నవి ఊళ్ల వాళ్లే అందులో రాసేవారు, వాళ్లే దిద్దేవారు. కాటారంలో టైర్ల షాపు మూతబడితే ఆ సంగతి మాకు కాటారం పాఠకుడే చెప్పాలి. ఆ రాతల్లో నిజమేదో దొంగదేదో తేల్చడం నా ఉద్యోగం. నా పైన ఒక మేనేజరు, కింద ఎవరూ లేరు. హోదాలో సీనియర్ అన్న మాట ఎందుకుందో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

దుకాణం గురించి రాసేవాళ్లు చుక్కలు కూడా ఇవ్వాలి. ఐదు చుక్కలు వరుసగా ఉంటాయి, వాటి కింద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. ఒకటి నొక్కితే పని అధ్వానం, ఐదు నొక్కితే భేష్ అని మా ఉద్దేశం. ఇక దొంగ రాతలకు మేం పెట్టుకున్న గుర్తులు నాలుగు. అన్నీ ఒకటి రెండు రోజుల్లోనే రావడం, అన్నీ కొత్త ఖాతాల నుంచే రావడం, ఒకే చోటి నుంచి రావడం, చుక్క తప్ప ఒక్క మాటా లేకపోవడం. ఈ గుర్తులతోనే, ఒక ఫంక్షన్ హాలు యజమాని తన హాలును తానే పొగుడుకుంటే పట్టుకున్నాను. మేనేజరు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కొంచెం తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మరుసటి యాసంగి పంట కాలంలో నర్సింహులపేట నుంచి యాదగిరి అనే ఆయన, ఎవరో తన పేరు చెడగొడుతున్నారని ఫోన్ చేశాడు. ఆయనది మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టే పని. రెండు సాయంత్రాల్లో ఆయన పేజీ మీద ఇరవై మూడు రేటింగులు పడ్డాయి. అన్నీ ఒక్క చుక్కవే, అన్నీ ఒకే తండా నుంచి. మాట లేదు, ఖాతాలన్నీ కొత్తవి. నాలుగు గుర్తులూ సరిపోయాయి.

పద్ధతి ప్రకారం ఆ రేటింగులను కనబడకుండా దాచి, విచారణ మొదలుపెట్టాలి. అక్కడితో ఆగితే నా పని నేను చేసినట్టే. నేను ఆగలేదు. అదే రోడ్డు మీద సోమయ్య అనే ఆయనకు ఇంకో వైండింగ్ షాపు ఉంది. యాదగిరి పేరు చెడితే ఎవరికి లాభం అని ప్రశ్న వేసుకుని, జవాబు కూడా నేనే చెప్పుకున్నాను. సోమయ్య పేజీ పైన పసుపు పట్టీ పెట్టించాను. “ఈ దుకాణంపై విచారణ జరుగుతోంది” అని అందులో ఉంటుంది. దానికి మేనేజరు అనుమతి కావాలి. ఆయన తల ఎత్తకుండానే సరే అన్నాడు.

ఎనిమిదో రోజు సోమయ్య బస్సెక్కి జనగామ వచ్చాడు. యాభై దాటిన మనిషి, గొంతు పెంచలేదు.

“పంపు కంపెనోళ్లు సర్వీస్ సెంటరు నాకే ఇస్తమన్నరు మేడం. ఇయ్యాల సారు ఫోన్ జేసి, నీ మీద ఏందో విచారణ నడుస్తున్నదట గద అన్నడు. శుక్రారం లోపల గది తేలకుంటే ఇంకొకలకు ఇస్తరట. నేనేం జేసిన్నో జర చెప్పుండ్రి.”

అది బుధవారం. తండాలో ఆయన మనుషులెవరైనా ఉన్నారా అని అడిగాను. అక్కడ తన మాట వినేవాళ్లెవరూ లేరని, ఆ తండా వాళ్లంతా ఎప్పుడూ యాదగిరి దగ్గరికే పోతారని చెప్పాడు. అందరూ యాదగిరి దగ్గరికే పోతుంటే, అందరూ కలిసి ఆయనకు ఒక్క చుక్క ఎందుకిస్తారు?

మర్నాడు తొర్రూరులో బస్సు మారి నర్సింహులపేట వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో తండా చేరాను. మహిళా సంఘం లీడరు సక్కుబాయి ఇంటి ముందు మిరపకాయలు ఎండబోస్తోంది. కోడలితో తమ భాషలో ఏదో చెప్పి, నాకు మంచం వాల్చింది. యాదగిరికి ఒక్క చుక్క ఇచ్చిందెవరని అడిగాను.

“మేమే ఇచ్చినం. వోల్టేజీ లేక మూడు మోటార్లు ఒక్కపారే కాలిపోయినయ్. వరి పొట్ట మీద ఉండె. యాదగిరన్న రెండు దినాల్ల చుట్టిచ్చిండు. సంఘం మీటింగుల అనుకొని ఇంటికొకలం ఒకటో నంబరు ఇచ్చినం. ఏంది, తక్వ అయిందా?”

పని నచ్చితే ఐదు ఇవ్వాలని చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసింది.

“ఐదో నంబరంటే ఆఖరుది గద మేడం. గంత మంచిగ జేసినాయనకు ఆఖరుది ఎట్లిస్తం?”

ఫోను తెరిచి మా పేజీ నాకే చూపించింది. చుక్కల కింద అంకెలు వరుసగా ఉన్నాయి. బడిలోనైనా ఆటల పోటీల్లోనైనా ఒకటి అంటే మొదటి స్థానమే. ఆ అంకెలు వేసింది మేమే. ఆ మంచం మీద కూర్చుని నేను సిగ్గుపడ్డాను.

అక్కడి నుంచే మేనేజరుకు ఫోన్ చేసి పట్టీ తీయించాను. శుక్రవారం ఆఫీసు తెరవగానే, ఈ వ్యవహారంతో సోమయ్యకు ఏ సంబంధమూ లేదని కంపెనీకి రాశాను. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. సర్వీస్ సెంటరు ముందు రోజే మహబూబాబాద్‌లో ఒక దుకాణానికి ఇచ్చేశారు.

ఆ సంగతి నేనే ఫోన్ చేసి సోమయ్యకు చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు.

“ఆ పట్టీ తొమ్మిది దినాలున్నది. తప్పు జేసింది మీరే అన్న ముచ్చట గూడ గదే జాగల తొమ్మిది దినాలు ఉంచుండ్రి.”

మా నియమం ప్రకారం సవరణ పేజీ అడుగున ఒక్కరోజు ఉంటుంది. మేనేజరు కుదరదన్నాడు. అయితే తప్పు సైటుది కాదు, నాదేనని సవరణ కింద నా పేరు వేయమన్నాను, అప్పుడు ఒప్పుకున్నాడు. తొమ్మిది రోజులు అది పేజీ పైన అదే చోట ఉంది. చుక్కల కింది అంకెలు తీసేసి, ఒక చివర బాగాలేదు, ఇంకో చివర బాగుంది అని రాయించాం. సక్కుబాయి మళ్లీ మీటింగు పెట్టి, యాదగిరి రేటింగులన్నీ దిద్దించింది.

నాలుగు గుర్తులు చెప్పేది రేటింగులు కలిసి వచ్చాయని మాత్రమే. ఎందుకొచ్చాయో వాటికి తెలియదు. రాసినవాళ్లలో ఒక్కరినైనా ఎందుకిలా ఇచ్చారని అడగనిదే ఎవరి పేజీ మీదా పట్టీ పెట్టకూడదని మా పద్ధతుల కాగితంలో మొదటి వరుసగా చేర్చాను. నేను రిటైరైన రోజుకు కూడా అది మొదటి వరుసే. ఆ సర్వీస్ సెంటరు ఇప్పటికీ మహబూబాబాద్‌లోనే ఉంది.